మొదటి డోస్ ఎక్కించాకే రెఫర్ చెయ్యండి: పాముకాటు వైద్యం మీద వైద్య ఆరోగ్య శాఖకి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకి, జిల్లా వైద్యాధికారులకి, పల్లెల్లో పీహెచ్‌సీలు, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు నడుపుతున్న మెడికల్ ఆఫీసర్లకి, స్టాఫ్ నర్సులకి నమస్కారం.

నేను డాక్టర్ని కాదు. కృష్ణా డెల్టాలో మూడెకరాలు కౌలుకి చేసే రైతు కొడుకుని, దగ్గర్లో టౌన్లో ఒక ప్రైవేట్ స్కూల్లో సైన్స్ చెప్తుంటా. ఈ విషయం మీద ఇప్పటికి మూడుసార్లు సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చా. మూడుసార్లూ రసీదు ఇచ్చారు, మూడుసార్లూ కొన్నాళ్లకి మీ సమస్య పరిష్కరించబడింది అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో ఒక్కరూ చెప్పలేదు, వెళ్లి చూస్తే పీహెచ్‌సీలో అంతా ఎప్పటిలాగే ఉంది. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సొస్తోంది. ఎవరినీ అల్లరి చెయ్యడానికి కాదు, ఆ పీహెచ్‌సీ పేరు కూడా ఇక్కడ రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క పీహెచ్‌సీ సంగతి కాదని నాకు తర్వాత తెలిసింది.

జరిగింది ఇదీ. పోయినేడు జులై ఆఖర్లో మా పిన్ని నాట్లకి వెళ్లింది. పొద్దున్నే 6:40కి గట్టు మీద నడుస్తుంటే కాలి మడమ పైన పాము కాటేసింది. పక్కనున్న ఆడవాళ్లు చూశారు, రక్తపింజరి అని వాళ్లే గుర్తుపట్టారు, మా వైపు ఆ పాముని గుర్తుపట్టలేని వాళ్లు ఉండరు. మా తమ్ముడు బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని 7:10కల్లా పీహెచ్‌సీకి తీసుకెళ్లాడు. అరగంట. అంటే మా వాళ్లు చెయ్యాల్సిందంతా చేశారు, మంత్రగాడి దగ్గరకి పోలేదు, కత్తితో కొయ్యలేదు, పసరు పొయ్యలేదు.

అక్కడ నర్సమ్మ ఉంది, డాక్టర్ గారు ఇంకా రాలేదు. పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉందా అంటే ఉంది అంది. వెయ్యమంటే రియాక్షన్ వస్తే నా మీదకొస్తుంది బాబూ, డాక్టర్ గారు లేకుండా నేను వెయ్యలేను, ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్లండి అంది. ఆమెని నేను తప్పుపట్టను, చెయ్యొచ్చు అని ఆమెకి ఎవరూ రాసి ఇవ్వలేదు. టీటీ ఇంజెక్షన్ చేసి చీటీ రాసిచ్చింది. 108 వచ్చేసరికి 8:15, ఏరియా ఆస్పత్రికి చేరేసరికి 9:20, మొదటి సీసా ఎక్కేసరికి 10:05. కాటేసిన దగ్గర్నుంచి మూడు గంటల పాతిక నిమిషాలు. అప్పటికే చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది, కాలు మోకాలి దాకా వాచిపోయింది. సాయంత్రానికి మూత్రం ఆగిపోయింది, అక్కడి నుంచి పెద్దాస్పత్రికి పంపించారు, 19 రోజులు, ఏడుసార్లు డయాలసిస్.

పిన్ని బతికింది. పెద్దాస్పత్రిలో ఆమెని చూసిన డాక్టర్లకి, డయాలసిస్ యూనిట్ వాళ్లకి మా ఇల్లంతా రుణపడి ఉంటుంది, ఇది మాట వరసకి అనట్లేదు. కానీ మొదటి సీసా 7:20కి ఎక్కాల్సింది 10:05కి ఎక్కింది. ముందే ఎక్కితే కిడ్నీలకి ఏమీ అయ్యేది కాదని నేను ఒట్టేసి చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఆ మందు ఎలా పనిచేస్తుందో తెలిసిన వాళ్లకి మాత్రం ఆ రెండు గంటల నలభై ఐదు నిమిషాల విలువ తెలుస్తుంది. యాంటీ స్నేక్ వీనమ్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది తప్ప విషం అప్పటికే పాడుచేసిన దాన్ని బాగుచెయ్యదు. గట్టు తెగి చేలో నీళ్లు పోయాక గట్టుకి మట్టి వేస్తే అప్పటి నుంచి పోయే నీళ్లు ఆగుతాయి, పోయిన నీళ్లు తిరిగిరావు, అంతే.

ఇంక మీకు తెలిసిన లెక్కలే మళ్లీ చెప్తున్నా, ఏమీ అనుకోవద్దు. దేశంలో ఎవరు దేనివల్ల చనిపోతున్నారో ఇంటింటికీ వెళ్లి అడిగే మిలియన్ డెత్ స్టడీ అనే సర్వే 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారు. సగటున ఏడాదికి 58 వేలు. ఆ చావుల్లో నాలుగో వంతు పైగా 15 ఏళ్లలోపు పిల్లలే, సగం వానాకాలంలోనే. ఎక్కువమంది చనిపోయింది పల్లెటూళ్లలో, ఇళ్ల దగ్గరే, అంటే ఆస్పత్రి రిజిస్టర్‌కి ఎక్కకుండానే. దాదాపు 70 శాతం చావులు ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగితే అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ లెక్కలో తెలంగాణ కూడా కలిపే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటుని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో పెట్టింది, 2030 నాటికి చావులు సగానికి తగ్గాలని 2019లో టార్గెట్ పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2024 మార్చిలో అదే టార్గెట్‌తో జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది, అదే ఏడాది నవంబర్‌లో పాముకాటు కేసుల్ని తప్పనిసరిగా నోటిఫై చేసే, అంటే ప్రతి కేసూ ప్రభుత్వానికి తెలియజేసే ఏర్పాటు చెయ్యమని రాష్ట్రాలన్నిటికీ లెటర్ రాసింది. 15400 అని ఒక హెల్ప్‌లైన్ నంబర్ కూడా పెట్టారు, పైలట్‌గా తీసుకున్న ఐదు చోట్లలో ఆంధ్రప్రదేశ్ ఉంది. నేను మా ఊళ్లోనూ చుట్టుపక్కల మూడు ఊళ్లలోనూ అడిగి చూశా, ఆశా వర్కర్లతో సహా, ఆ నంబర్ తెలిసినవాళ్లు ఒక్కరు కూడా తగల్లేదు.

2018 ఆగస్టులో దివిసీమలో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వరసపెట్టి పాముకాట్లు, అవనిగడ్డ ఆస్పత్రికి రోజూ కేసులు, జనం పొలానికి వెళ్లాలంటేనే భయపడిపోయారు, చివరికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుళ్లో సర్పయాగం కూడా చేశారు. నమ్మకాన్ని నేనేమీ అనను, నాగులచవితికి మా అమ్మ పుట్టలో పాలు పోస్తుంది, నేనూ వెళ్తా. కానీ ఆ ఆగస్టులో ప్రతి ఛానల్లో పాముకాటు గురించే మాట్లాడారు, ఆ తర్వాత మర్చిపోయారు, పాములు మాత్రం ప్రతి ఏడూ నాట్లప్పుడూ కోతలప్పుడూ అదే గట్ల మీద ఉంటున్నాయి. మేమూ ఆ గట్ల మీదే నడుస్తున్నాం.

డాక్టర్లతో రెండు మాటలు. మీ భయం నాకు అర్థమవుతుంది. ఆ మందు గుర్రం రక్తం నుంచి తీస్తారు, ఎక్కించినప్పుడు కొంతమందికి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం జరుగుతుంది, ఏమన్నా అయితే బంధువులు మీ మీదే పడతారు, అలాంటి గొడవలు నేనూ చూశా, అది తప్పే. కానీ ఆ రియాక్షన్‌కి విరుగుడు పక్కనే ఉంటుంది కదా, అడ్రినలిన్, ఒక్కో ఆంప్యూల్ కొద్ది రూపాయలు. సిరంజిలో లాగి పక్కన పెట్టుకుని మొదలుపెట్టమని గైడ్‌లైన్సే చెప్తున్నాయి. శ్రీలంకలో చేసిన పెద్ద ట్రయల్ ఒకటి 2011లో వచ్చింది, అందులో మందు ఎక్కించే ముందు చర్మం కింద కొద్ది మోతాదు అడ్రినలిన్ ఇస్తే సీరియస్ రియాక్షన్లు బాగా తగ్గాయి, హైడ్రోకార్టిజోన్, ప్రోమెథజిన్ అనే వేరే మందులు ఇచ్చినందువల్ల మాత్రం లాభం కనపడలేదు. రియాక్షన్‌కి మందు ఉంది, కానీ విషం ఎక్కి కిడ్నీ పోయినవాడికి పీహెచ్‌సీలో మందు లేదు. ఈ రెండిట్లో దేనికి భయపడాలో దయచేసి మీరే ఆలోచించండి.

చిన్న ఊళ్లో చిన్న ఆస్పత్రిలో ఇదంతా ఎలా కుదురుతుంది అనుకునేవాళ్లకి మహారాష్ట్ర కొంకణ్‌లో మహాడ్ డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారిని గుర్తుచేస్తా. ఆయన పీహెచ్‌సీ డాక్టర్‌గానే మొదలుపెట్టారు. ఎర్రతేలు కుట్టి పిల్లలు కళ్లముందే చనిపోతుంటే రాత్రుళ్లు పక్కన కూర్చుని గమనించి, రాసుకుని, ప్రాజోసిన్ అనే మామూలు బీపీ మాత్రతో ఆ చావుల్ని 40 శాతం నుంచి ఒక శాతం దగ్గరికి తెచ్చారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ప్రపంచమంతా చదువుకున్న ఎమర్జెన్సీ వైద్యం అది, పల్లెటూరి ఆస్పత్రి మంచం పక్కన పుట్టింది. మన పీహెచ్‌సీల్లో పనిచేసే కుర్ర డాక్టర్లు ఆయనకంటే తక్కువ చదువుకున్నవాళ్లేం కాదు.

ఇంకో పాము గురించి చెప్పకపోతే ఈ లెటర్ సగమే అవుతుంది. కట్లపాము. పక్క ఊళ్లో తొమ్మిదేళ్ల పిల్లాడు, చాప మీద పడుకున్నాడు. రాత్రి మూడింటికి కడుపునొప్పి అని లేచాడు, వాళ్లమ్మ వాము నమిలించి పడుకోబెట్టింది. ఐదింటికి కళ్లు సగం మూతలు పడుతుంటే నిద్రమత్తు అనుకున్నారు. మాట ముద్దముద్దగా వస్తోంది, ఉమ్మి మింగలేకపోతున్నాడు. ఆర్‌ఎంపీ దగ్గరకి తీసుకెళ్తే గ్యాస్ ఇంజెక్షన్ చేశాడు. అక్కడి నుంచి ఆటోలో బయల్దేరారు, దారిలో ఊపిరి ఆగిపోయింది. ఒంటి మీద గాటు కూడా దొరకలేదు, కట్లపాము కోరలు అంత సన్నం, నొప్పి కూడా తెలియదు. ఊపిరితిత్తులకి, గుండెకి ఆ విషం ఏమీ చెయ్యదు, ఊపిరి పీల్చే కండరాలు మాత్రమే కదలవు, అంటే ఎవరో ఒకరు చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ పట్టుకుని నొక్కుతూ వెంటిలేటర్ దాకా తీసుకెళ్తే ఆ పిల్లాడు కొన్ని రోజులకి మామూలుగా లేచి బడికి వెళ్లేవాడు. మూడు నుంచి ఆరు దాకా మూడు గంటల టైమ్ ఉంది, ఆ మూడు గంటల్లో ఇది కట్లపాము అయ్యుండొచ్చు అని అనుమానించిన మనిషి ఒక్కరూ లేరు. నాకు ఈ పిల్లాడి సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు, ఎందుకంటే వానాకాలంలో పొద్దున్నే కడుపునొప్పి, కళ్లు వాలిపోవడం కనిపిస్తే కట్లపామేమో అనుకోవాలన్న మాట మా స్కూల్లో మేము కూడా పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు.

కొత్త కొత్త మందులు వస్తున్నాయని చదువుతున్నా, సంతోషమే. 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్లు అమెరికా స్క్రిప్స్ సంస్థతో కలిసి తాచు, కట్లపాము జాతుల నరాల విషాన్ని పట్టుకునే మనిషి యాంటీబాడీ ఒకటి ల్యాబ్‌లో తయారుచేశారు. 2025 జనవరిలో, అంతకు ముందు ఏడాదే నోబెల్ అందుకున్న అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ బేకర్ టీమ్, కంప్యూటర్‌తో డిజైన్ చేసిన ప్రోటీన్లు అదే రకం విషాన్ని ఆపుతున్నాయని చూపించింది. వరెస్ప్లాడిబ్ అనే మందు మాత్ర రూపంలో మన దేశంలోనూ అమెరికాలోనూ పాముకాటు పేషెంట్ల మీద ట్రయల్ చేశారు. యాంటీబాడీలు, ప్రోటీన్లు అయితే ఇంకా ఎలుకల దాకానే వచ్చాయి. ఇవన్నీ మా ఊరికి వచ్చేసరికి ఎన్ని నాట్లు అయిపోతాయో తెలీదు. ఇప్పుడు మన చేతిలో ఉన్నది పాత మందే, తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి చేసిన మందు, అది కూడా ఎక్కడో కాదు హైదరాబాద్ కంపెనీలు తయారుచేస్తున్నాయి. పొడి రూపంలో వచ్చే సీసా అయితే ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, చల్లగా పొడిగా ఉండే చోట పెడితే చాలు. అంత దగ్గర్లో తయారయ్యే మందు మా పిన్నికి పది అడుగుల దూరంలో అలమారాలో ఉండి కూడా అందలేదు.

దీనికి ఎక్కడి నుంచో కొత్త పద్ధతి తేనక్కర్లేదు. గుండెపోటుకి మీరే 2023లో చేసి చూపించారు. చిన్న ఆస్పత్రిలో ఈసీజీ తీసి పెద్ద ఆస్పత్రి కార్డియాలజిస్టుకి పంపిస్తే ఆయన చూసి చెప్తారు, రక్తం గడ్డని కరిగించే దాదాపు 40 వేల రూపాయల టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు, ఆ తర్వాతే పేషెంట్‌ని పంపిస్తారు. ఇంజెక్షన్ ముందు, ప్రయాణం తర్వాత. దీనివల్ల బతికినవాళ్లు మా మండలంలోనే ఉన్నారు, మనస్ఫూర్తిగా దండం పెడుతున్నా. పాముకాటుకి మాత్రం ప్రయాణం ముందు, ఇంజెక్షన్ తర్వాత ఎందుకయ్యింది? పది సీసాల ఖర్చు ఆ ఒక్క గుండె ఇంజెక్షన్ ఖర్చులో చిన్న భాగమే.

మా డిమాండ్లు ఇవి. మా అంటే నేనొక్కడినే కాదు, మా ఊరు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి నాట్లకి వెళ్లే ఆడవాళ్లు, కౌలు రైతులు కలిసి కూర్చుని మాట్లాడుకుని రాసినవి.

1. విషం ఎక్కిన లక్షణాలు కనపడితే మొదటి డోస్ పది సీసాలు పీహెచ్‌సీలోనే ఎక్కించి, ఆ తర్వాతే రెఫర్ చెయ్యాలని రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వండి. డాక్టర్ అక్కడ లేకపోతే ఫోన్లో డాక్టర్ చెప్పిన ప్రకారం స్టాఫ్ నర్సు మొదలుపెట్టొచ్చని అందులోనే రాయండి, రూల్ ప్రకారం చేసిన నర్సుకి, డాక్టర్‌కి ఏ ఇబ్బంది రాకుండా శాఖ నిలబడుతుందని కూడా రాయండి. ఈ ఒక్కటి చేస్తే మిగతావి ఆలస్యమైనా మేము ఓపిక పడతాం. పిల్లలకి తక్కువ సీసాలు సరిపోతాయని కొన్నిచోట్ల అనుకుంటున్నారట, పాము పిల్లాడిని కాటేసినా పెద్దవాడిని కాటేసినా వదిలే విషం ఒకటే కాబట్టి డోస్ కూడా ఒకటే, ఇదీ ఆర్డర్లో ఉండాలి.

2. ప్రతి పీహెచ్‌సీలో జూన్ 1 నాటికి కనీసం ఇద్దరు పేషెంట్లకి సరిపడా, అంటే 20 సీసాలు, అడ్రినలిన్, నరాల మీద పనిచేసే విషానికి తోడుగా వాడే అట్రోపిన్, నియోస్టిగ్మిన్, ఒక పెద్దవాళ్ల అంబు బ్యాగ్, ఒక పిల్లల అంబు బ్యాగ్ ఉండాలి. ఎన్ని ఉన్నాయో, ఎక్స్‌పైరీ ఎప్పుడో గేటు దగ్గర బోర్డు మీద సుద్దముక్కతో రాసి రోజూ మార్చండి. రేషన్ షాపులో స్టాక్ బోర్డు పెడుతున్నారుగా, ఇదీ అలాంటిదే. బోర్డు చూసిన మనిషి అక్కడ మందు లేదని తెలిస్తే టైమ్ పోకుండా నేరుగా ఇంకో చోటికి పోతాడు.

3. ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ప్రతి పీహెచ్‌సీలో చెయ్యాలి. 2 మిల్లీలీటర్ల రక్తం, సబ్బు తగలని పొడి గాజు ట్యూబ్, ఒక గడియారం. ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచితే రక్తం నీళ్లలా పారిందంటే విషం ఎక్కినట్టే. ప్లాస్టిక్ ట్యూబ్ పనికిరాదు. మా స్కూల్ ల్యాబ్‌లో గాజు ట్యూబులు డజన్ల కొద్దీ ఉన్నాయి, కొనడానికి బడ్జెట్ లేదంటే నేనే తెచ్చిస్తా, సీరియస్‌గానే చెప్తున్నా. ఏరియా ఆస్పత్రిలో మా పిన్నికి చేసిన పరీక్ష ఇదే, ఇది పీహెచ్‌సీలో చెయ్యలేనంత పెద్ద పని కాదు.

4. ఈ-సంజీవని లాంటి టెలీమెడిసిన్‌లో మన రాష్ట్రం దేశంలో ముందు వరసలో ఉంది, జ్వరాలకి దగ్గులకి రోజూ కనెక్ట్ చేస్తున్నారు. పాముకాటుకి 24 గంటలూ ఎత్తే ఒక లైన్ మెడికల్ కాలేజీ ఎమర్జెన్సీ విభాగంలో పెట్టండి. రాత్రి రెండింటికి ఒక్కతే ఉన్న నర్సమ్మ వీడియో కాల్‌లో పేషెంట్ కళ్లు చూపించి, ట్యూబ్ వంచి చూపించి ఎక్కించనా సార్ అని అడిగితే ఎక్కించమ్మా అని చెప్పే మనిషి ఒకరు కావాలి. ఆ ఒక్క మాట కోసమే ఆ రోజు మా పిన్ని ఏరియా ఆస్పత్రి దాకా వెళ్లాల్సొచ్చింది. 15400 నంబర్‌ని 108 అంత తెలిసేలా ప్రచారం చెయ్యండి, ఎరువుల కొట్లు, పాల కేంద్రాలు, రైతు సేవా కేంద్రాల గోడల మీద రాయించండి.

5. 108 వాహనాలకి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సర్వీసు దేశానికి దారి చూపింది, అది మన తెలుగువాళ్లకి గర్వమే. పాముకాటు కాల్ వస్తే పేషెంట్‌ని దగ్గరున్న ఆస్పత్రికి కాకుండా మందూ వెంటిలేటరూ నిజంగా ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లేలా లైవ్ స్టాక్ వివరాలు వాళ్లకి ఇవ్వండి. పీహెచ్‌సీ దగ్గర డ్రిప్ నడుస్తుంటే అది పూర్తయ్యేదాకా ఆగడమా, డ్రిప్‌తోనే బయల్దేరడమా అన్నది డాక్టర్ చెప్పాలి, డ్రైవర్ కాదు.

6. ఆశా వర్కర్లకి, ఆర్‌ఎంపీలకి, స్కూల్ టీచర్లకి వానల ముందు ఒక్కరోజు ట్రైనింగ్. ఆర్‌ఎంపీలని పిలవకూడదు అంటారు మీరు, నాకు తెలుసు, కానీ రాత్రిపూట మా జనం వెళ్లే మొదటి గుమ్మం అదే, ఆ గుమ్మం దగ్గర కళ్లు వాలిపోతున్నాయా అని చూసే అలవాటు ఉంటే పక్క ఊరి పిల్లాడు బతికేవాడేమో. ధైర్యం చెప్పడం, కాటు పడిన కాలూ చెయ్యీ కదలకుండా కర్రతో కట్టి ఉంచడం, గట్టిగా తాడు బిగించకపోవడం, కొయ్యకపోవడం, నోటితో పీల్చకపోవడం, పాము కోసం వెతుకుతూ టైమ్ పోగొట్టకపోవడం, ఇంతే నేర్పాల్సింది. రాత్రిపూట దోమతెర అంచులు చాప కిందకి నొక్కి పడుకుంటే కట్లపాము లోపలికి రాదు, టార్చ్ లేకుండా మోటర్ దగ్గరకి పోకూడదు, ఇవి కూడా.

7. ప్రతి కేసూ, ప్రతి చావూ లెక్కలోకి రావాలి, ఇంటి దగ్గర పోయినవాళ్లు కూడా. ఏ మండలంలో, ఏ నెలలో, కాటేసిన ఎంతసేపటికి మొదటి సీసా ఎక్కింది అన్నది నెలనెలా బయట పెట్టండి. కాటుకీ సీసాకీ మధ్య టైమ్ ఎవరూ రాయకపోతే ఎవరూ తగ్గించరు. మా పిన్ని కేసు షీటులో కాటేసిన టైమ్ అసలు రాయనేలేదు, నేను వంద ఫోన్ కాల్స్ హిస్టరీ చూసి ఆ రోజు టైమ్‌లు కూర్చుకున్నా.

8. ఇది కొంచెం దీర్ఘకాలం పని. మన దేశంలో మందు తయారీకి వాడే విషం ఎక్కువగా తమిళనాడులో పాములు పట్టే ఇరుళర్ గిరిజనుల సహకార సంఘం నుంచే వస్తుంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని, అందుకే కొన్నిచోట్ల మందు తక్కువ పనిచేస్తోందని ఐఐఎస్‌సీ పరిశోధకులు చాలా ఏళ్లుగా చెప్తున్నారు. మన డెల్టా రక్తపింజరి మీద, మన్యం పాముల మీద ఈ మందు ఎంత పనిచేస్తోందో పరీక్షించే ఏర్పాటు రాష్ట్రంలో చెయ్యండి.

ఇంకో మాట, దీన్ని నంబర్‌లో పెట్టలేను. మా వాళ్లు మంత్రగాడి దగ్గరకి పోతున్నారని మీటింగుల్లో మీరు బాధపడుతుంటారు. చాలా కాట్లలో విషం ఎక్కదు, కొన్ని పాములకి అసలు విషమే ఉండదు, అలాంటి వాళ్లందరూ మంత్రగాడి లెక్కలో బతికినవాళ్లే. అదే పీహెచ్‌సీకి వెళ్లినవాళ్లని చీటీ రాసి పంపించేశారనే మాట ఊళ్లో రెండు రోజుల్లో పాకుతుంది. పిన్ని సంగతి తెలిశాక మా వీధిలోనే ఒకాయన అన్నాడు, ఆ అరగంటలో మంత్రం వేయించుకున్నా అయిపోయేది కదరా అని. నేను సైన్స్ టీచర్ని, ఆయనకి సమాధానం చెప్పలేకపోయా, ఎందుకంటే ఆ రోజు ఆస్పత్రి కూడా ఆ అరగంటకి ఏమీ ఇవ్వలేదు. జనం నమ్మకం పోస్టర్లతో రాదు, పది సీసాలు ఎక్కితే వస్తుంది.

పిన్ని ఇప్పుడు ఎక్కువసేపు నిలబడలేదు, మడమ దగ్గర చర్మం తీసి వేసిన చోట ఇంకా లాగుతుంది. వైద్యానికి ప్రభుత్వ ఆస్పత్రిలో డబ్బులు కట్టలేదు, కానీ 19 రోజులు తోడున్న మనిషి కూలి పోయింది, బయట కొన్న మందులు, రానూపోనూ ఛార్జీలు, అన్నీ కలిపి పాడిగేదెని అమ్మేశారు. గేదె పోయాక చిన్నమ్మాయి ఇంటర్ ఫీజు కట్టడం కష్టమైంది, ఇప్పుడు ఆ పిల్ల కూడా నాట్లకి వెళ్తానంటోంది. అదే గట్ల మీదకి.

నారుమళ్లు పోసే టైమ్ దగ్గరపడింది. నాట్లు మొదలయ్యేలోపు మొదటి రెండు డిమాండ్ల మీద మాకు రాతపూర్వకంగా జవాబు కావాలి, మెసేజ్ కాదు, సంతకం ఉన్న కాగితం. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కి ఈ లేఖ కాపీ పట్టుకుని నాలుగోసారి వస్తున్నా. ఈసారి పిన్ని కూడా వస్తానంది, కూర్చోడానికి ఒక కుర్చీ ఇప్పించండి.

ఇట్లు,
కృష్ణా డెల్టా నుంచి ఒక కౌలు రైతు కొడుకు